పాత జిప్సీ, తుప్పు, సొంత మరమ్మతు

1985లో భారత విపణిలోకి వచ్చిన మారుతి జిప్సీలో నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం, అంటే ఛాసిస్, మీద బాడీని విడిగా బిగిస్తారు కనుక, ఇంటి దగ్గరే మరమ్మతు చేసుకోదలచినవారికి అది చాలావరకు లొంగుతుంది. అయితే ఇంజన్ కంటె ముందు పరీక్షించవలసింది ఆ చట్రాన్నే. ఇనుము నీటితోను, గాలిలోని ఆక్సిజన్‌తోను కలిసి తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది కాబట్టి, పెయింటు పొక్కులా లేచిన చోట లోపలి రేకు అప్పటికే చివికి ఉంటుంది. విశాఖ వంటి తీరప్రాంతాల్లో గాలిలోని ఉప్పు ఈ చర్యను వేగవంతం చేస్తుంది.

అడుగున పరచిన మ్యాట్లు ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో రేకును తడుతూ పోతే, గట్టిగా ఉన్న చోట ఖంగుమని, తుప్పు తిన్న చోట డొల్లగా మోగుతుంది. మొన గుచ్చగానే దిగబడే భాగాన్ని పుట్టీతో కప్పడం ఆత్మవంచన మాత్రమే; మెరిసే లోహం కనిపించేదాకా కోసి, అదే మందం గల రేకును వెల్డింగ్ చేయాలి. అంతకుముందే బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకును దించి దూరంగా ఉంచడం తప్పనిసరి. పైపై తుప్పును గీకి ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణం పూస్తే, మిగిలినది ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. ఆపై ప్రైమర్, పెయింటు. చట్రమే పగిలితే మాత్రం అనుభవజ్ఞుడైన వెల్డరుకు అప్పగించడం మేలు.

ఇక హంగులు. కమాన్ పట్టీల బుష్‌లు మారిస్తే కుదుపులు, చప్పుళ్లు తగ్గుతాయి. పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటరు అసలు వేగం కంటె తక్కువ చూపడమే కాక బ్రేకులపై భారం పెరుగుతుంది, పైగా మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను అనుమతించదు.