బెదరు గుఱ్ఱమునకు జీను మప్పుట

నాందేడు జిల్లా మాలెగామున జరుగు ఖండోబా జాతర గుఱ్ఱముల సంతకు ప్రసిద్ధము. అట్టి సంతలో కొని మన పాలమూరు, నల్లగొండ పల్లెలకు తెచ్చిన గుఱ్ఱము జీనును చూచి బెదరినచో, అది మొండిదని కొట్టువారు గలరు. ఇది పొరపాటు. క్రూరమృగములు గుఱ్ఱముల వీపుపైకి దుమికి చంపును. కావున వీపు తాఁకిన క్రొత్త బరువునకు బెదరుట దాని స్వభావము.

తన తోఁక వెనుక నున్నది గుఱ్ఱమునకు కానరాదు. కాఁబట్టి మాటలాడుచు ఎడమ మూపు చెంతకు పోవలెను. మొదట జీనును వాసన చూడనీయవలెను. పిదప మడఁచిన కంబళిని వీపుపై నుంచి, అది కదలక నిలిచినంతనే తీసివేయవలెను. ఆ విడుపే దానికి బహుమానము. ఇట్లు కొన్ని దినములు గడచిన పిమ్మట జీనును మెల్లగా దింపి, పొట్ట క్రింది తంగును కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక్కమాఱే బిగించినచో ఆ నొప్పిని అది మఱవదు. మప్పిన గుఱ్ఱమే హఠాత్తుగా బెదరినచో, వీపున పుండున్నదేమో చూడవలెను.

బ్యూసెఫలసు తన నీడకే బెదరుచున్నదని బాలుఁడైన అలెగ్జాండరు కనిపెట్టి, దానిని సూర్యున కభిముఖముగా త్రిప్పి యెక్కెనని ప్లూటార్కు వ్రాసెను. పెద్దలు దాని పొగరును చూచిరి; బాలుఁడు దాని భయమును చూచెను. పిల్లలారా, కొరడా నెత్తుటకు ముందు కారణము వెదకుఁడు.