కథ ఎంతవరకొచ్చింది?

ఒకప్పుడు ఇరుగుపొరుగులు కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న అదే. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్నా ఎవరేం చదువుతున్నారో ఎవరికీ తెలీదు. చదువుతున్న పుస్తకం గురించి నలుగురితో పంచుకోవడం చిన్న విషయమే... కానీ ఇంట్లో చదివే అలవాటు నిలబడేదీ, నీరసించేదీ దానివల్లే!

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వంటిల్లు సర్దేసి ఇల్లాలు వారపత్రిక అందుకుంది. నాలుగు పేజీలు తిప్పిందో లేదో, గోడ మీంచి పక్కింటి పిన్నిగారి గొంతు.

''ఏమ్మా, ఎంతవరకొచ్చింది?''

''ఆ ఉత్తరం కాస్తా అత్తగారి చేతికే చిక్కింది పిన్నిగారూ!''

''అయ్యో రాత! మరి పెళ్లి?''

''ఏమో... సశేషం అన్నాడు!''

అంతే! మళ్లీ పత్రిక వచ్చేదాకా ఇద్దరికీ అదే ధ్యాస. వంట చేస్తున్నా, బియ్యం ఏరుతున్నా కథానాయిక కష్టాలే కళ్లముందు. 1970, 80 దశకాల్లో తెలుగు లోగిళ్లలో ఇది వారం వారం జరిగిన ముచ్చటే.

ఒక పత్రిక... ఇంటిల్లిపాదీ!

యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం ఇల్లాళ్లు ఎదురుచూసిన రోజులవి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే, భయపడుతూనే చదివినవాళ్లెందరో! ఇంటికి వచ్చేది ఒక్కటే కాపీ. చదివేవాళ్లు అయిదారుగురు. నాన్నగారు ఆఫీసుకు వెళ్లాక అమ్మ, అమ్మ నిద్రపోయాక కాలేజీ అక్కయ్య, అక్కయ్య కళ్లుగప్పి తమ్ముడు. ఆ తర్వాత పత్రిక పక్కింటికి వెళ్లేది. కొన్ని ఇళ్లలోనైతే సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, అన్ని భాగాలూ పూర్తయ్యాక బైండింగు చేయించి దాచుకునేవారు. అద్దె పుస్తకాల షాపులో తెచ్చిన నవలకైతే గడువు ఉంటుంది కాబట్టి ఇంకా తొందర. ఒకరు చదువుతుంటే రెండోవాళ్లు భుజం మీంచి తొంగిచూసేవాళ్లు.

అందరూ ఒకే కథలో, ఒకే మలుపు దగ్గర ఆగేవారు. 'నువ్వేం చదువుతున్నావ్?' అని అడగాల్సిన పనే లేదు. 'ఎంతవరకొచ్చింది?' అంటే చాలు, కబుర్లు మొదలు. ఆ కబుర్ల కోసమే పత్రిక పట్టుకున్నవాళ్లూ లేకపోలేదు. పదిమందీ మాట్లాడుకుంటుంటే తమకు తెలీకపోవడం చిన్నతనం కదా మరి!

పడవలో పుస్తకాలు

నిజానికి చదవడమంటే ఒంటరిగా మూల కూర్చుని చేసే పని అన్న ఆలోచన మనకు కొత్తదే. రామాయణమైనా భారతమైనా ఒకరు చదివితే ఊరంతా చుట్టూ చేరి వినేది. వినడంతో సరిపెట్టుకునేవారు కాదు... రాముడు చేసింది తప్పా ఒప్పా అని అరుగుల మీద వాదించుకునేవారు కూడా!

గ్రంథాలయోద్యమానికీ అదే ఊపిరి. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారు ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరిగారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే ఎలా? గ్రంథాలయమే పాఠకుడి దగ్గరికి వెళ్తుంది! 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పడవ గ్రంథాలయం నడిపించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవల్లో వెళ్లేవారికి చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చే ఏర్పాటది. నెమ్మదిగా సాగే పడవ ప్రయాణంలో ఒకరి చేతిలో పుస్తకం ఉంటే, ఎదుటివారు 'ఏమిటండీ అది?' అని అడక్కుండా ఉంటారా?

ఫోన్లో ఉన్నది కనపడదు

ఇప్పుడు కథలకు కొదవలేదు. కరవైంది ఆ ప్రశ్నే. ఒకప్పటి వారపత్రికలు చాలా మూతపడ్డాయి. అద్దె పుస్తకాల షాపులు దాదాపు కనుమరుగయ్యాయి. చదివేవాళ్లు మాత్రం ఉన్నారు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఏటా జరిగే పుస్తక ప్రదర్శనలకు వెళ్లి చూస్తే తెలుస్తుంది ఆ సందడి. కానీ సంచీ నిండా పుస్తకాలు కొని ఇంటికొచ్చాక, ఎవరి గది వారిది, ఎవరి ఫోను వారిది.

ఇక్కడే ఓ తిరకాసుంది. అమ్మ సోఫాలో కూర్చుని ఫోన్లో నవల చదువుతోందనుకోండి. ఎదురుగా ఉన్న పిల్లాడికి ఏం కనిపిస్తుంది? 'అమ్మ ఫోన్ చూస్తోంది' అంతే! నాన్న చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడియో పుస్తకం వింటుంటే పాటలు వింటున్నాడనుకుంటాడు. అట్ట కనిపించదు, బొమ్మ కనిపించదు. 'పెద్దయ్యాక నేనూ అది చదువుతా' అనిపించే అవకాశమే లేదు. ఆనక ఆ పిల్లాడినే 'పుస్తకం ముట్టుకోవడం లేదు' అని తిట్టిపోస్తాం. చేతిలో పుస్తకం కనిపించినంత కాలం నోటితో చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు చెబితే తప్ప తెలీదు.

పూర్తయ్యాక కాదు... మధ్యలోనే!

పుస్తకం మొత్తం చదివేశాక 'ఎలా ఉంది?' అంటే 'బాగుంది' అంటారు. కబురు అక్కడితో ముగుస్తుంది. అదే సగంలో ఉన్నప్పుడు అడిగి చూడండి. హంతకుడు ఎవరై ఉంటాడు, ఆమె ఊరు వదిలి వెళ్తుందా, వాడికి బుద్ధొస్తుందా... చెప్పేవారికీ తెలీదు, వినేవారికీ తెలీదు. ఇద్దరూ కలిసి ఊహిస్తారు. ఎవరి ఊహ నిజమవుతుందో చూద్దామని ఆ రాత్రి ఇంకో పది పేజీలు చదువుతారు.

ఏడో తరగతి మనవరాలు మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' మొదలుపెట్టిందనుకోండి. దాన్ని యాభై ఏళ్ల కిందట చదివిన తాతయ్య ఊరుకుంటారా? ''టోపీ సంగతి వచ్చిందా? ఓడ ఎక్కాడా లేదా?'' అని పొద్దున్నా సాయంత్రం అడుగుతూనే ఉంటారు. ''తాతయ్యా, ముందే చెప్పేయకు!'' అని ఆ పిల్ల చెవులు మూసుకుంటుంది. హోంవర్కు, మార్కులు తప్ప మాటల్లేని ఇద్దరి మధ్యకి మొగల్తూరు కుర్రాడొకడు వచ్చి కూర్చున్నట్టే!

పరీక్ష పెట్టకండి

అయితే ఈ ప్రశ్నను పాడుచేయడం కూడా తేలికే. 'ఎన్ని పేజీలయ్యాయి? ఇందులో నీతి ఏమిటి?' అని అడిగారంటే పిల్లలకు అది స్కూల్లో ఏడో పీరియడ్ తర్వాత ఎనిమిదో పీరియడే. రెండోసారి ఆ పుస్తకం జోలికి వెళ్లరు.

పెద్దవాళ్లది మరో తంటా. ఎవరైనా అడిగితే గొప్ప పుస్తకం పేరు చెప్పాలన్న మొహమాటం. దిండు కింద డిటెక్టివ్ నవల, నాలుక మీద 'వేయిపడగలు'! డిటెక్టివ్ నవల చదవడం తప్పేమీ కాదు. దాని గురించి కళ్లింతలు చేసుకుని చెప్పేవాడే ఎదుటివారి చేత పుస్తకం పట్టించగలడు. 'ముప్ఫై పేజీల తర్వాత నావల్ల కాలేదు' అనడమూ నిజాయతీ గల జవాబే. 'ఆర్నెల్లుగా ఏమీ చదవలేదు' అనే మాట కూడా సిగ్గుపడకుండా చెప్పుకునేలా ఉండాలి ఇల్లు. అలా చెప్పినవారి చేతిలో చిన్న కథల పుస్తకం ఒకటి పెడితే సరి.

మీ ఇంట్లో ఇలా...

* ఆదివారం టిఫిన్ల వేళ పది నిమిషాలు చాలు. ఎవరి కథ ఎంతవరకొచ్చిందో తలా రెండు ముక్కలు చెప్పుకోండి. మొదట చెప్పాల్సింది పెద్దవాళ్లే.

* బొమ్మల కథలు, క్రికెటర్ల జీవిత కథలు, వంటల పుస్తకం... అన్నీ లెక్కలోకే. ఆడియోలో విన్నదీ చదివినట్టే.

* ముగింపు మాత్రం చెప్పకూడదు. చెప్పినవారికి ఆ పూట గిన్నెలు కడిగే శిక్ష!

* ఫోన్లో చదివే పుస్తకమైతే పేరు ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. చూసినవాళ్లు అడుగుతారు.

* పరాయి చేతికి వెళ్లిన పుస్తకం తిరిగి రాదంటారు పెద్దలు. ఓ చిన్న నోటుబుక్కులో పేరు, తేదీ రాసుకుని ఇవ్వండి. తిరిగొచ్చాక 'ఏం నచ్చింది?' అని అడగడం మరవకండి.

* ఊళ్లో గ్రంథాలయం ఉందా? ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతూనే ఉన్నారు కదా, వెళ్లి వాడుకోండి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడానికి మంచి సందర్భం.

గోడ మీంచి కబుర్లాడుకున్న ఆనాటి ఇల్లాళ్లకు ఇప్పుడు డెబ్భై దాటాయి. పిన్నిగార్లలో కొందరు లేరు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. కళ్లకు శుక్లాలొచ్చి చదవలేనివారు కొందరైతే, చదవగలిగినా చెప్పుకునే మనిషి లేక పుస్తకం పక్కన పెట్టేసినవారు ఇంకొందరు. అలాంటి అమ్మో, అమ్మమ్మో మీకూ ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు 'భోంచేశావా, మాత్రలు వేసుకున్నావా' అని అడిగాక ఇంకొక్క మాట కూడా అడిగి చూడండి...

''ఏం చదువుతున్నావ్ అమ్మమ్మా? ఎంతవరకొచ్చింది కథ?''

చదవలేకపోతున్నానంటే, మీరు చదువుతున్నది చెప్పండి. సగం వరకే! మిగతాది వినడానికి వచ్చేవారం ఆవిడే ఫోన్ చేస్తారు.