ఒంటరి ప్రయాణం, బిజినెస్ క్లాసు: డబ్బు దేనికి పెట్టాలి?

ఉరవకొండ వైపు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు ఎక్కువగా విమానం ఎక్కేది బెంగళూరులోనే. 2008లో విమానాశ్రయం దేవనహళ్ళి దగ్గరికి మారాక అనంతపురం నుంచి వచ్చేవాళ్ళకు నగరంలోకి దూరే పని తప్పింది. అయినా ఉరవకొండ నుంచి కారులో నాలుగు గంటల పైమాటే. పైగా చాలా విమానాలు అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. సీట్లో కూర్చునేసరికే ఒళ్ళు అలిసిపోతుంది. అరవై దాటి, తోడు లేకుండా వెళ్ళేవారికి ఇది చిన్న కష్టం కాదు. అందుకే పిల్లలు "ఈసారి బిజినెస్ క్లాసు తీస్తాలే అమ్మా" అంటున్నారు. టికెట్ ధర ఎకానమీకి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, ఆ డబ్బుతో ఏది దొరుకుతుందో, ఏది దొరకదో ముందే తెలుసుకోవాలి.

ముఖ్యంగా దొరికేది నిద్ర. బటన్ నొక్కితే సీటు వెనక్కి వాలి పడక అవుతుంది. కొన్ని పాత విమానాల్లో మాత్రం పూర్తిగా చదును కాదు, ఏటవాలుగా ఆగిపోతుంది. ఒకే సంస్థ నడిపే విమానాల్లోనూ ఈ తేడా ఉంటుంది గనక టికెట్ తీసేముందే అడగాలి. దుబాయ్ మీదుగా డాలస్ వెళ్తే మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది దాదాపు 16 గంటలు. రెండింటికీ డబ్బు సరిపోకపోతే పొడవైనదానికే బిజినెస్ క్లాసు తీసి, మొదటిది ఎకానమీలో వెళ్ళవచ్చేమో ఏజెంటును అడగండి.

ఒంటరిగా వెళ్ళేవారు సీటు చూసి ఎంచుకోవాలి. వరుసలో ఒకటి, రెండు, ఒకటి చొప్పున సీట్లుంటే కిటికీ పక్కన ఒంటరి సీటు మేలు. రెండేసి చొప్పున మూడు జతలుంటే మధ్య జతలోది తీసుకోండి. మీరు ఎవరినీ దాటక్కర్లేదు, మిమ్మల్నీ ఎవరూ దాటరు. పడుకునేటప్పుడు సీటు బెల్టును దుప్పటి పైనుంచి కనబడేలా పెట్టుకోండి. విమానం కుదిపినప్పుడు సిబ్బంది బెల్టు కోసం మిమ్మల్ని లేపరు.

ఇక డబ్బుతో మారనివి. విమానంలో గాలి తేమ సాధారణంగా 20 శాతం లోపే. మన ఎండాకాలపు గాలిలాగే నోరు, కళ్ళు ఆరిపోతాయి, కాబట్టి నీళ్ళు అడిగి మరీ తాగాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ముప్పు మొత్తం మీద చిన్నదే, కానీ ఏ క్లాసూ దానికి మినహాయింపు కాదు. మెలకువ వచ్చినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయాలి. గుండె జబ్బు, పాత ఆపరేషన్లు ఉన్నవారు ముందే డాక్టరును కలవాలి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

వీల్‌చెయిర్ సాయానికి క్లాసుతో పని లేదు. నడవడం కష్టమైనవారు ఎకానమీలోనూ అడగవచ్చు. కనీసం 48 గంటల ముందు చెబితే విమానం మారేచోట మనిషి వచ్చి తీసుకెళ్తారు. శాకాహారం, చక్కెర లేని భోజనం కూడా ముందే చెప్పుకోవాలి. శెనక్కాయల పొడి, ఓళిగలు తీసుకెళ్తే అమెరికాలో దిగాక తినే వస్తువులున్నాయని అధికారులకు చెప్పడం తప్పనిసరి.

అక్కడ ఇమిగ్రేషన్ అధికారి ముందు నిలబడేది మీరొక్కరే. ఎవరింటికి, ఎందుకు, ఎన్నాళ్ళకు అన్న మూడు సంగతులూ చిరునామా, ఫోన్ నంబరుతో పాటు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాయించుకోండి. మాట అర్థం కాకపోతే తెలుగు దుబాసీని అడగడానికి మొహమాటపడొద్దు. టికెట్ కొనే పిల్లలు ఒక సాయంత్రం ఫోన్లో ఇవన్నీ అమ్మకు ఓపిగ్గా చెప్పాలి. ఖరీదైన సీటు ఒళ్ళు నొప్పి తగ్గిస్తుంది. ఒంటరిగా వెళ్ళే అమ్మకు గుండె ధైర్యం మాత్రం ఈ మాటల వల్లే వస్తుంది.