పులిబోన్ల దీవి

1970 జూలై 2న సైగాన్ నుంచి ఒక విమానం కోన్ సోన్ దీవికి బయల్దేరింది. అందులో ఇద్దరు అమెరికా కాంగ్రెస్ సభ్యులు ఆగస్టస్ హాకిన్స్, విలియం ఆండర్సన్ ఉన్నారు. వాళ్ళ కాంగ్రెస్ కమిటీకి సహాయకుడిగా వచ్చిన ముప్ఫై ఏళ్ళ టామ్ హార్కిన్, దుబాసీగా వచ్చిన డాన్ లూస్ వాళ్ళ వెంట ఉన్నారు. వ్యవసాయ పనుల్లో సాయపడటానికి ఎప్పుడో వియత్నాం వచ్చిన లూస్ అక్కడే ఉండిపోయి, ఆ భాషను బాగా పట్టాడు. జైళ్ళ వ్యవహారాలు చూసే అమెరికన్ సలహాదారు ఫ్రాంక్ వాల్టన్ కూడా అదే విమానంలో ఉన్నాడు. ఆ జైలు స్కౌట్ పిల్లల విహార శిబిరంలా ఉంటుందని దారి పొడవునా వాళ్ళకు నచ్చజెప్పాడు.

వాళ్ళ దగ్గర చేత్తో గీసిన ఒక పటం ఉంది. ఆ జైల్లో మగ్గి బయటపడిన ఒక విద్యార్థి గీసి ఇచ్చిందది. రెండు శిబిరాల నడుమ సన్నటి సందు, పక్కన కూరగాయల మడులు, గోడలో ఒక చిన్న తలుపు. ఆ తలుపు వెనకే ‘పులిబోన్లు’ ఉన్నాయని ఆ విద్యార్థి చెప్పాడు. అలాంటివేమీ లేవన్నది జైలు అధికారుల మాట.

జైలు పెద్ద కర్నల్ న్గుయెన్ వాన్ వె అతిథులను తను చూపించదలచుకున్న చోట్లకే తిప్పాడు. వాళ్ళు మాత్రం పటం చూసుకుంటూ ఆ సందులోకి నడిచారు. తలుపు దగ్గర ఆగి, దాని వెనక ఏముందని అడిగారు. అది వేరే శిబిరానికి పోయే దారి అని కర్నల్ బదులిచ్చాడు. మాటల్లో ఆయన గొంతు పెరిగింది. లోపలి కాపలావాడు పెద్దాయన గొంతు విన్నాడు. తలుపు తీశాడు.

లోపల మెట్లెక్కితే పైన నడవా. నడవాకు ఇరువైపులా, కాళ్ళ కింద ఇనుప కమ్మీలు. కమ్మీల కింద గదులు. ఒక్కో గది సుమారు అయిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. అందులో ముగ్గురు, నలుగురు, కొన్నిచోట్ల అయిదుగురు. కాళ్ళకు సంకెళ్ళు. నెలల తరబడి అలాగే కట్టేసి ఉంచడంతో కొందరికి కాళ్ళు చచ్చుబడ్డాయి, నేల మీద పాకుతూ ముందుకొచ్చి మాట్లాడారు. శాంతి కావాలని మాట్లాడినందుకే తెచ్చి పడేశారని ఒక బౌద్ధ సన్యాసి చెప్పాడు. నీళ్ళు కావాలని ఒకరు, తిండి చాలడం లేదని ఒకరు. వేరే వరుసలో ఆడవాళ్ళు. నడవా మీద, బోన్లకు సరిగ్గా పైన, సున్నం ఉన్న బకెట్లు కనిపించాయి. ఇవెందుకని అడిగితే గోడలకు వెల్లవేయడానికని కర్నల్ చెప్పాడు. కింద ఉన్నవాళ్ళు చెప్పింది వేరు. అన్నం కోసమో నీళ్ళ కోసమో గొంతెత్తితే ఆ సున్నాన్ని తమ నెత్తిన పోస్తారని, ఊపిరాడదని, కళ్ళు మండిపోతాయని చెప్పారు.

హార్కిన్ ఫొటోలు తీశాడు. ఆ పర్యటన మీద కమిటీ రాసిన నివేదికలో ఈ జైలు ముచ్చట ఒక్క పేరాకు మించలేదు. ఫొటోలు తమకు అప్పగించమని కమిటీ అడిగినా హార్కిన్ ఇవ్వలేదు. జూలై 17 నాటి ‘లైఫ్’ పత్రికలో అవి అచ్చయ్యాయి. హార్కిన్ తర్వాతి కాలంలో అయోవా నుంచి సెనేటర్ అయ్యాడు. లూస్‌ను మరుసటి ఏడు సైగాన్ ప్రభుత్వం దేశం నుంచి పంపించేసింది.

ఆ చిన్న తలుపు ఇవాళ పర్యాటకులందరికీ తెరిచే ఉంది. దీవి పేరు కోన్ డావ్. నిజానికి ఇది 16 దీవుల గుంపు, అందులో పెద్దది కోన్ సోన్. వియత్నాం దక్షిణ తీరానికి దూరంగా సముద్రంలో ఉంటుంది. హోచిమిన్ సిటీ నుంచి విమానమైతే గంట కూడా పట్టదు, తీరపట్టణాల నుంచి వేగంగా పోయే పడవలూ ఉన్నాయి. 2025 జూలైలో జరిగిన పునర్వ్యవస్థీకరణ తర్వాత పాలన పరంగానూ ఇది హోచిమిన్ సిటీలో భాగమే. పచ్చటి కొండలు, పలచటి జనం, పగడపు దిబ్బలు. దీవుల్లో చాలా భాగం 1993 నుంచి జాతీయ పార్కు. వియత్నాంలో ఆకుపచ్చ సముద్ర తాబేళ్ళు ఎక్కువగా గుడ్లు పెట్టేది ఇక్కడే. బే కాన్ అనే చిన్న దీవిలో రాత్రిపూట కాపు కాసి తాబేలు ఒడ్డెక్కడం చూడటానికి, తెల్లారి పిల్లలను సముద్రంలోకి వదలడం చూడటానికి జనం ప్రత్యేకంగా వస్తారు. ఖరీదైన రిసార్టులూ వెలిశాయి.

రిసార్టు ప్యాకేజీల్లో జైలుకు సాధారణంగా ఒక పూట కేటాయిస్తారు. పొద్దున పులిబోన్లు, మధ్యాహ్నం పగడాలు. ఈ పద్ధతి అన్యాయం. ఈ దీవి 113 ఏళ్ళు జైలుగా బతికింది. బీచ్‌గా దాని వయసు అందులో సగం కూడా లేదు.

ఫ్రెంచివాళ్ళు ఇక్కడ జైలు పెట్టింది 1862లో. దక్షిణ వియత్నాంలో కాలు మోపిన కొద్దికాలానికే వాళ్ళకు ఇలాంటి చోటు అవసరమైంది. చుట్టూ సముద్రం, తప్పించుకుని పోవడం చాలా కష్టం. నడిబొడ్డున ఉన్న ఫూ హాయ్ ఇక్కడి జైలు శిబిరాలన్నిటిలో పాతది. ఒక పెద్ద హాలు, మధ్యలో నడిచే దారి, ఇరువైపులా ఎత్తుగా సిమెంటు అరుగులు, అరుగుల అంచు వెంట పొడుగ్గా ఇనుప కడ్డీ. ఆ కడ్డీకి వరసగా కాళ్ళు బిగించేవారు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన పాత రేవు పేరు ‘914’. దానికి రాళ్ళు మోస్తూ చచ్చిపోయిన ఖైదీల లెక్క అదేనని అక్కడి మాట. కొండ దారిలో మా థియెన్ లాన్ వంతెన దగ్గర 356 మంది పోయారని చెబుతారు. మొత్తమ్మీద ఈ దీవిలో చనిపోయినవాళ్ళు సుమారు 20,000 మంది అని వియత్నాం అంచనా.

రేవుకు దగ్గరలో, సముద్రానికి ఎదురుగా ఒక పాత ఇల్లు ఉంది. 1895లో ఫ్రెంచి సంగీతకారుడు కామిల్ సాన్-సాన్స్ జైలు గవర్నరు అతిథిగా వచ్చి, ఇక్కడ కొన్ని వారాలు ఉండి, ఒక ఒపెరా పని చేసుకున్నాడు. గాలి, వెలుతురు, ప్రశాంతత ఆయనకు కావలసినంత దొరికాయి. ఆయన కాలంలోనూ గోడకు ఆ పక్క ఇనుప కడ్డీలున్నాయి. విహారమూ జైలూ ఈ దీవిలో ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి. అతిథి ఏం చూడాలో గవర్నరే ఎంచి చూపించేవాడు. ఈ దీవికి పోయేవాళ్ళు ముందుగా మనసులో పెట్టుకోవాల్సిన సంగతి ఇదే.

పులిబోన్లు కట్టింది 1940లో, ఫ్రెంచివాళ్ళే. ఆ శిబిరాన్ని ఇప్పుడు ఫూ తువాంగ్ అంటారు. రెండు భాగాలుగా 120 గదులు, పైన కమ్మీలు, కమ్మీల మీద కాపలావాడు తిరిగే నడవా. పక్కనే పైకప్పే లేని మరో 60 గదులు. వాటిని ‘ఎండస్నానపు గదులు’ అనేవారు. చుట్టూ నిలువెత్తు గోడ, నెత్తిన ఆకాశం, ఎండైనా వానైనా ఖైదీకి నీడ లేదు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక సైగాన్ ప్రభుత్వం ఈ మొత్తాన్ని అలాగే చేతిలోకి తీసుకుంది, పెంచింది, యుద్ధకాలంలో నింపింది. గెరిల్లాలతో పాటు కాలేజీ పిల్లలు, సన్యాసులు, జెండాకు వందనం చేయనన్న మొండివాళ్ళు అందరూ ఇక్కడికే వచ్చారు.

పులిబోన్లలో తిరిగేటప్పుడు రెండు చోట్ల నిలబడి చూడాలి. ముందు కింద, గది లోపల. తర్వాత పైన, నడవా మీద. కింద నిలబడి తలెత్తితే కమ్మీల గళ్ళు తప్ప ఏమీ కనబడదు. పైనుంచి చూస్తే మనిషి తల, భుజాలు, నేల. కాపలావాడు ఎదురుపడి ఖైదీ ముఖం చూడాల్సిన పని లేకుండా కట్టిన కట్టడం ఇది. ఎంత మాటల్లో చెప్పినా రెండు మెట్ల వరసలు ఎక్కి దిగితే తెలిసినంతగా తెలియదు.

చాలా గదుల్లో ఇప్పుడు బొమ్మలు పెట్టారు. ఎముకల గూళ్ళలాంటి ఖైదీల బొమ్మలు, పైన కర్ర పట్టుకున్న కాపలావాడి బొమ్మ. వాటి దగ్గర పర్యాటకులు ఫొటోలు దిగుతారు. బొమ్మలున్న గదుల కన్నా ఖాళీ గదులే ఎక్కువ చెబుతాయి. బొమ్మ ఒక క్షణాన్ని చూపించగలదు, అయిదుగురు ఒకే గదిలో ఏళ్ళు గడపడాన్ని చూపించలేదు. గెలిచినవాళ్ళు కట్టుకున్న ప్రదర్శన కాబట్టి కథలో పార్టీ నాయకులకు పెద్ద చోటు, దొంగతనమో కొట్లాటో చేసి వచ్చి ఇక్కడే పోయిన మామూలు ఖైదీలకు చిన్న చోటు దక్కాయి. రాళ్ళు మోసిన చేతుల్లో వాళ్ళవీ ఉన్నాయి.

నాయకుల కథ కూడా తక్కువదేమీ కాదు. తోన్ డుక్ థాంగ్ 1930 నుంచి 1945 దాకా ఈ దీవిలోనే ఉన్నాడు. హోచిమిన్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. దశాబ్దాల పాటు ప్రధానిగా ఉన్న ఫామ్ వాన్ డాంగ్ ఇక్కడి ఖైదీయే. పారిస్‌లో కిసింజర్‌తో చర్చలు జరిపి, నోబెల్ శాంతి బహుమతి వద్దన్న లె డుక్ థో కూడా. చదువు రాని ఖైదీలకు చదువొచ్చినవాళ్ళు అక్షరాలు దిద్దించారు. రాజకీయ పాఠాలు, భాషా పాఠాలు అన్నీ ఈ హాళ్ళలోనే నడిచాయి.

వీధుల నిండా బాదం చెట్లు. బాదం అంటే మన ఊళ్ళలో బడి ముందు, ఇళ్ళ ముందు గొడుగులా పెరిగే అదే చెట్టు. కొన్నిటి మొదళ్ళు ఇద్దరు ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావు. కూరా నారా ఎరగని ఖైదీలు, తమను బయట పనికి తీసుకుపోయినప్పుడు ఈ లేతాకులు, కాయలు తెంపి దాచుకుని తినేవారు, లోపల జబ్బుపడినవాళ్ళకు తెచ్చి ఇచ్చేవారు. ఇప్పుడు కోన్ సోన్ బజారులో ఆ బాదం పప్పునే ఉప్పు వేసి, పంచదార పాకం పట్టి, సీసాల్లో అమ్ముతారు. రాయితో కాయ పగలగొట్టి పప్పు చిదమకుండా తీయడం ఎంత పనో చిన్నప్పుడు ప్రయత్నించిన ఎవరికైనా తెలుసు. సీసా ధర ఎక్కువనిపించినా బేరం ఆడకపోవడమే మర్యాద.

చీకటి పడ్డాక ఊరు సద్దుమణుగుతుంది, హాంగ్ జువాంగ్ శ్మశానం మేలుకుంటుంది. ఇక్కడ 1,900కు పైగా సమాధులున్నాయి, పేరు తెలిసినవి 700 పైచిలుకే. జనం ఎక్కువగా చేరేది వో తి సావ్ సమాధి దగ్గర. ఫ్రెంచివాళ్ళ పక్షాన ఉన్న స్థానిక అధికారుల మీద గ్రెనేడు విసిరి పట్టుబడిన ఈ అమ్మాయిని 1952 జనవరి 23న ఈ దీవిలో కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆమె ఇప్పుడు దీవికి ఇలవేల్పు లాంటిది. రాత్రివేళ తెల్లటి పూలు, దువ్వెనలు, అద్దాలు, పౌడరు డబ్బాలు, కొత్త బట్టలు పళ్ళేల్లో పెట్టుకుని వస్తారు. వయసులో ఉన్న పిల్లకు ఏం ముచ్చటగా ఉంటుందో అవన్నీ తెస్తారు. పరీక్ష పాసవ్వాలని, వ్యాపారం నిలవాలని మొక్కుకుంటారు. దేశభక్తికీ మొక్కుకీ నడుమ గీత ఎక్కడుందని అక్కడ వెతకడం దండగ. విదేశీయులు వెళ్ళవచ్చు, మోకాళ్ళు, భుజాలు కప్పుకుని, గొంతు తగ్గించి.

తెలుగువాళ్ళు ఇక్కడికొస్తే అండమాన్ గుర్తుకు రాక మానదు. పోర్ట్‌బ్లెయిర్‌లో బ్రిటిష్‌వాళ్ళు 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన సెల్యులర్ జైలుకు, రంపా పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళను ద్వీపాంతరం పంపిన కాలానికి ఈ దీవి దూరమేమీ కాదు. తెల్లదొరలు వేరైనా పన్నిన ఉపాయం ఒకటే. తేడా ఏమిటంటే, సెల్యులర్ జైల్లోని చివరి రాజకీయ ఖైదీలను బ్రిటిష్‌వాళ్ళు 1930ల్లోనే ప్రధాన భూభాగానికి తిప్పి పంపారు. కోన్ డావ్ జైలు మాత్రం ఫ్రెంచివాళ్ళు పోయాక ఇంకో ఇరవై ఏళ్ళు నడిచింది, సొంత దేశస్థుల చేతుల్లో, అమెరికా డబ్బుతో. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది, ఆ రాత్రి గడిచి మే 1 తెల్లవారేసరికి ఇక్కడి ఖైదీలు గదుల తలుపులు తెరుచుకున్నారు. అప్పటికి లోపల ఉన్నది 7,000 మందికి పైగా.

పోవాలనుకునేవాళ్ళు రెండు రోజులు పెట్టుకోవడం మంచిది. జైలు శిబిరాలు ఒకదానికొకటి దగ్గరే, సైకిలు మీదో స్కూటరు మీదో తిరగవచ్చు. మధ్యాహ్నం భోజనాల వేళ మూసేస్తారు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాలి. ముందు మ్యూజియం, ఆ తర్వాత ఫూ హాయ్, అక్కడి నుంచి ఫూ తువాంగ్. ఆ చిన్న తలుపు ఎక్కడో గైడును అడిగి మరీ చూడాలి.

చివరిగా ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఫూ బిన్ శిబిరం. ప్యాకేజీ బస్సులు చాలావరకు దీన్ని వదిలేస్తాయి. ‘లైఫ్’ ఫొటోలు వచ్చాక లోకం మొత్తం ఛీ కొట్టింది, పులిబోన్లు మూసేస్తామని సైగాన్ ప్రభుత్వం చెప్పింది. మరుసటి ఏడాది అమెరికన్ కాంట్రాక్టర్లు ఇక్కడ కొత్తవి కట్టారు. ఎనిమిది వరసలు, వరసకు 48 చొప్పున 384 గదులు. పైన నడవా లేదు, మెట్లు లేవు, సందులో దాచిన తలుపు లేదు. మామూలు సిమెంటు గోడలు, ఇనుప తలుపులు, నెత్తిన కమ్మీలు, ఎండకు మండే రేకుల కప్పు. బయటి నుంచి చూసినవాడు గోదాములు అనుకుంటాడు. పాత బోన్ల ఫొటోలు తెలిసినంతగా లోకానికి ఇవి తెలియవు, వాటి గదుల కన్నా ఇక్కడివి మూడింతలు ఎక్కువైనా.