దిగేవారే దిక్కు

జనవరి 20. పాత అధ్యక్షుడు, కొత్త అధ్యక్షుడు కలిసి క్యాపిటల్ భవనానికి బయల్దేరగానే శ్వేతసౌధంలో హడావుడి మొదలవుతుంది. ఒక లారీలోకి పాత కుటుంబం సామాన్లు ఎక్కుతుంటే, ఇంకో లారీలోంచి కొత్త కుటుంబం సామాన్లు దిగుతుంటాయి. భద్రత దృష్ట్యా బయటి కూలీలను లోపలికి రానివ్వరు. వంటవాళ్లు, వడ్రంగులు, పూలు అమర్చేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు... అందరూ కలిపి 90 మంది దాకా ఉండే ఇంటి సిబ్బందే పెట్టెలు మోస్తారు. మంచాలు మారుస్తారు, బీరువాల్లో బట్టలు సర్దుతారు. ఊరేగింపు ముగించుకుని కొత్త కుటుంబం గడప తొక్కేసరికి అది వాళ్లిల్లయిపోతుంది. అంతా ఐదారు గంటల పని.

అధికారం అంత తేలిగ్గా చేతులు మారదు. రాజ్యాంగం ప్రకారం మధ్యాహ్నం 12 కాగానే పాతవారి పదవీకాలం ముగుస్తుంది. అణ్వాయుధ ప్రయోగానికి అధ్యక్షుణ్ని గుర్తించే కోడ్ కూడా అప్పుడే చెల్లకుండా పోతుంది. కానీ ఎన్నిక నవంబరు మొదట్లోనే అయిపోతుంది. ఆ రెండున్నర నెలలూ ఒకరికి అధికారం ఉంటుంది, ప్రజాతీర్పు ఉండదు. రెండోవారికి తీర్పు ఉంటుంది, అధికారం ఉండదు. ఇన్నేళ్ల అమెరికా చరిత్రలో ఆ రోజులు సజావుగా గడిచాయంటే ఆ పుణ్యం చాలావరకు గద్దె దిగినవారిదేనని నా నమ్మకం. 1801లో తన ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్ చేతిలోనే ఓడిన జాన్ ఆడమ్స్, ప్రమాణ స్వీకారానికి ఆగకుండా తెల్లవారుజామున నాలుగింటికే రాజధాని విడిచి వెళ్లిపోయారు. అలిగారు, కానీ అడ్డుపడలేదు. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి అధికారం దక్కడం ఆ దేశంలో అదే మొదలు.

పంతాల చలికాలం

మధ్యలోని ఈ రోజులు ఎంత ప్రమాదకరమో 1932-33 చలికాలం చూపించింది. అప్పట్లో ప్రమాణ స్వీకారం మార్చి 4న జరిగేది. నవంబరులో హెర్బర్ట్ హూవర్ ఓడారు, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గెలిచారు. మహామాంద్యంలో మునిగిన దేశం నాలుగు నెలలు ఎదురుచూసింది. తన ఆర్థిక విధానాలకు మద్దతు ప్రకటించమని హూవర్ పట్టుబట్టారు. అధికారం చేతికి రాకుండా బాధ్యత నెత్తినేసుకోవడానికి రూజ్‌వెల్ట్ ఒప్పుకోలేదు. ఇద్దరి పంతాల మధ్య జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. ప్రమాణం నాటి ఉదయానికి చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు మూతపడ్డాయి, మిగిలినచోట్ల డబ్బు తీసుకోవడంపై ఆంక్షలొచ్చాయి. ప్రమాణం తేదీని జనవరి 20కి జరిపిన 20వ రాజ్యాంగ సవరణకు అప్పటికే ఆమోదం దక్కినా, అది అక్కరకు వచ్చింది 1937లోనే.

దీనికి భిన్నంగా నడుచుకున్న మనిషి జిమ్మీ కార్టర్. 1980లో రొనాల్డ్ రీగన్ చేతిలో చిత్తుగా ఓడారు. ఇరాన్‌లో బందీలుగా ఉన్న 52 మంది అమెరికన్లు ఆ ఓటమికి పెద్ద కారణం. పదవిలో చివరి రెండు రాత్రులు ఆయన సరిగా నిద్రపోలేదు. కార్యాలయంలోనే సోఫాలో నడుం వాల్చి, స్తంభింపజేసిన ఇరాన్ సొమ్ము బదిలీ ఎంతవరకొచ్చిందో, విమానం కదిలిందో లేదో కనుక్కుంటూ గడిపారు. విమానం మాత్రం రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకు గానీ టెహ్రాన్‌లో పైకి లేవలేదు. 444 రోజుల చెర ముగిసింది, కీర్తి కొత్తవారికి దక్కింది. మర్నాడు రీగన్ కోరిక మేరకు ఆయన ప్రతినిధిగా పశ్చిమ జర్మనీ వెళ్లి బందీలను పలకరించింది కార్టరే. పంపిన రీగన్‌కూ, వెళ్లిన కార్టర్‌కూ ఇద్దరికీ దండం పెట్టాలనిపిస్తుంది.

పోయిన సమయం, నేర్చిన పాఠం

కొత్త అధ్యక్షుడు నింపాల్సిన రాజకీయ నియామకాలు దాదాపు 4,000. వాటిలో వెయ్యికి పైగా సెనేట్ ఆమోదం కావాల్సినవి. 2000లో ఫ్లోరిడా ఓట్ల వివాదం డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పుతో గానీ తెగలేదు. జార్జ్ బుష్ బృందానికి సగం సమయం హరించుకుపోయింది. కీలక పదవుల భర్తీ ఆ జాప్యం వల్ల దెబ్బతిందని సెప్టెంబరు 11 దాడులపై విచారణ జరిపిన కమిషన్ తేల్చింది. బుష్ ఆ పాఠం మర్చిపోలేదు. 2009 జనవరిలో తన భద్రతాధికారులనూ బరాక్ ఒబామా అధికారులనూ ఒకచోట కూర్చోబెట్టి, ఉగ్రదాడి జరిగితే ఏంచేయాలో రిహార్సల్ చేయించారు. ప్రమాణం రోజునే నిజంగా ముప్పు సమాచారం వస్తే రెండు బృందాలూ ఒకే గదిలో కూర్చుని చర్చించాయి.

2020లో ఇదంతా తలకిందులైంది. డొనాల్డ్ ట్రంప్ ఓటమిని ఒప్పుకోలేదు. గెలిచిన బృందానికి నిధులు, కార్యాలయాలు అందాలంటే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ లేఖ రావాలి. కొవిడ్ మరణాలు పెరుగుతున్న రోజుల్లో ఆ లేఖ నవంబరు 23 దాకా రాలేదు. జనవరి 6న క్యాపిటల్‌పై మూక దాడి చేసింది. కొత్త అధ్యక్షుడి ప్రమాణానికి ట్రంప్ రాలేదు. ఎన్నికలో గెలిచిన వారసుడి ప్రమాణానికి కావాలనే రాకపోవడం 1869లో ఆండ్రూ జాన్సన్ తర్వాత అదే మొదటిసారి. ఓట్ల లెక్కింపు నిబంధనలను బిగిస్తూ, ఫలితం తేలకపోతే అయిదు రోజుల తర్వాత అభ్యర్థులిద్దరికీ సాయం అందేలా 2022లో చట్టాన్ని మార్చారు. మంచి మార్పే. అయితే ఓటమిని ఒప్పుకోమని ఏ చట్టమూ ఎవరినీ బలవంతపెట్టలేదు.

ఓడినవారి గొప్పతనం చూడాలంటే రెండు జనవరి 6లు గుర్తుచేసుకోవాలి. 2001లో ఉపాధ్యక్షుడి హోదాలో తన ఓటమి లెక్కకు తానే అధ్యక్షత వహించిన అల్ గోర్, సొంత పార్టీ సభ్యుల అభ్యంతరాలను తానే తోసిపుచ్చారు. 2025లో కమలా హారిస్ అదే కుర్చీలో కూర్చుని ట్రంప్ గెలుపును ప్రకటించారు. రెండు వారాల తర్వాత గోదావరి జిల్లాల్లో మూలాలున్న ఉషా చిలుకూరి బైబిల్ పట్టుకోగా, ఆమె భర్త జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. మన ఇళ్లలో ముచ్చటగా చూసిన ఆ ఘట్టంలో ఓడిన హారిస్, దిగిపోతున్న జో బైడెన్ కూడా ఉన్నారు.

వచ్చే అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7న, ప్రమాణం 2029 జనవరి 20న. నడుమ 74 రోజులు. అక్కడ ఓటుహక్కున్న తెలుగువారికి ఒక్క మాట. వీసాల గురించి, పన్నుల గురించి అడిగినట్టే, ఓడితే ఒప్పుకుంటారా అని కూడా అభ్యర్థులను అడగండి. సూటిగా జవాబు చెప్పనివారికి ఓటేయకండి.