ఎన్440కె: ‘కర్నూలు రకం’ అసలు కథ

2021 మే నెలలో కొవిడ్ రెండో వేవ్ ఉద్ధృతంగా ఉంది. కర్నూలులో ‘ఎన్440కె’ అనే కొత్త వైరస్ పుట్టిందని, అది పదిహేను రెట్లు ప్రమాదకరమని ప్రచారం సాగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారికి ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ విధించింది. ఇంతకీ అది కొత్త వైరసేనా?

కరోనా వైరస్‌లది పెద్ద కుటుంబం. అందులో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు ప్రజాతులు (దగ్గరి బంధుత్వమున్న జాతుల గుంపులు) ఉన్నాయి. ఆల్ఫా, బీటా క్షీరదాలకు సోకుతాయి. గామా, డెల్టా ఎక్కువగా పక్షుల్లో కనిపిస్తాయి. కోళ్లకు శ్వాసనాళ వ్యాధి తెచ్చే వైరస్ గామా ప్రజాతిదే. మనుషులకు సోకేవిగా తెలిసినవి ఏడు. వాటిలో నాలుగు మామూలు జలుబు తెస్తాయి. సార్స్, మెర్స్, కొవిడ్ వైరస్‌లు మూడూ బీటా ప్రజాతివి. రెండో వేవ్‌లో దేశాన్ని కుదిపిన డెల్టా వేరియంట్ కూడా బీటా ప్రజాతి వైరసే. డెల్టా ప్రజాతితో దానికి సంబంధం లేదు.

కొవిడ్ వైరస్ జన్యు సమాచారం దాదాపు 30 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏలో ఉంటుంది. మన కణంలో చేరాక వైరస్ దానికి నకళ్లు తీయిస్తుంది. తప్పులు దిద్దే ఎంజైమ్ వైరస్‌కు ఉన్నా, కొన్ని తప్పులు మిగిలిపోతాయి. వాటినే ఉత్పరివర్తనాలు (మ్యుటేషన్లు) అంటారు. అవి తరతరాలుగా కొనసాగితే ఒక శాఖ ఏర్పడుతుంది.

వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్‌లో 1273 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ను కట్టే ముక్కలు) ఉంటాయి. 440వ స్థానంలో ఆస్పరజిన్ పోయి లైసిన్ వచ్చింది. ఎన్440కె అంటే ఈ ఒక్క మార్పే. మన కణాన్ని పట్టుకునే భాగంలో ఉంది కాబట్టే శాస్త్రవేత్తలు దాన్ని గమనించారు.

ఈ మార్పు 2020లోనే ఆంధ్రప్రదేశ్ నమూనాల్లో కనిపించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ప్రయోగశాలలో, ఈ మార్పున్న వైరస్ కణాల్లో ఎక్కువగా వృద్ధి చెందింది. కానీ గాజు పాత్రలో పెరిగినంత మాత్రాన ఊళ్లో అదే గెలుస్తుందని కాదు. రెండో వేవ్ నాటికి దాని వాటా తగ్గుతోందని, డెల్టా వేరియంట్ ఉన్న బి.1.617 శాఖ పైచేయి సాధిస్తోందని సీసీఎంబీ శాస్త్రవేత్తలే చెప్పారు. ఆ ఏడాది నవంబరులో బయటపడ్డ ఒమిక్రాన్‌లోనూ ఎన్440కె ఉంది. అది కర్నూలు నుంచి వెళ్లినది కాదు. వేర్వేరు శాఖల్లో ఒకే మార్పు విడివిడిగా రావచ్చు.

ఊళ్లకు, దేశాలకు మచ్చ రాకూడదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న వేరియంట్లకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది. ఇకపై కొత్త రకం వచ్చిందని వింటే మూడు ప్రశ్నలు వేయండి. అది వైరసా, శాఖా, ఒక్క మార్పా? రుజువు ప్రయోగశాలదా, రోగులదా? దాని వాటా పెరుగుతోందా, తగ్గుతోందా? వీటికి జవాబు దొరికేదాకా ఏ ఊరి మనిషినీ అనుమానంగా చూడకండి.