ఉప్పూ, నీరూ, తూకమూ

పిల్లలూ! "ఉప్పు తిన్నవాడు నీళ్ళు త్రాగక తప్పదు" అని మీ ఇంట్లో పెద్దలు అనగా వినే ఉంటారు. తప్పు చేసినవాడు ఫలితం అనుభవించాలని ఆ సామెత భావం. ఈ పాఠంలో మాత్రం ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లుగానే తీసుకుందాం. ఉప్పు తింటే దాహం ఎందుకు వేస్తుంది? త్రాగిన నీరు ఎక్కడికి పోతుంది?

ముందు ఒక చిన్న పని చేయండి. దోసకాయను చక్రాలుగా తరిగి పళ్ళెంలో పరచి, పైన చెంచాడు ఉప్పు చల్లండి. అరగంట తరువాత చూస్తే పళ్ళెంలో నీరు ఊరి ఉంటుంది. ఆ నీరు మీరు పోసినది కాదు. ముక్కలలోని నీటినే ఉప్పు బయటకు లాగింది. ఆవకాయ జాడీలో ఊట చేరడానికి కూడా ఇదే ముఖ్య కారణం. ఉప్పు ఎక్కడ ఎక్కువగా ఉంటే నీరు అక్కడికి పోతుంది.

మన శరీరంలోనూ ఇంతే. ఉప్పు బరువులో సుమారు ఐదింట రెండు వంతులు సోడియం. అది ముఖ్యంగా రక్తంలోనూ, కణాల చుట్టూ ఉండే ద్రవంలోనూ ఉంటుంది. రక్తంలో సోడియం పాలు కొంచెం పెరిగినా మెదడు కనిపెడుతుంది. వెంటనే దాహం పుట్టిస్తుంది. అంతటితో ఊరుకోక, ఒక హార్మోనును విడిచి, "నీటిని వదలవద్దు" అని మూత్రపిండాలకు కబురు పంపుతుంది. ఈ మూత్రపిండాలు సామాన్యమైనవి కావు. పెద్దవారిలో అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో లీటరు, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి చేరుస్తాయి.

ఉప్పు ఎంత నీటిని పట్టి ఉంచుతుంది? దీనికి లెక్క ఉంది. ఆసుపత్రిలో రోగులకు ఎక్కించే సెలైన్‌లో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తపు ఉప్పదనానికి సరిపోయేటట్లు దానిని తయారు చేస్తారు. కాబట్టి ఒంట్లో 9 గ్రాముల ఉప్పు అదనంగా నిలిస్తే, దానికి తోడు సుమారు ఒక లీటరు నీరు నిలుస్తుంది. లీటరు నీటి బరువు ఒక కిలో!

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించండి. ఉగాది నాడు పులిహోర, అప్పడాలు, ఆవకాయ. అది చాలదన్నట్లు రాత్రి పసార్ మలమ్‌లో కిచాప్ బాగా పోసిన మీ గోరెంగ్. మరునాడు ఆ ఇంటి అక్క తూకం యంత్రమెక్కి చూసి, "ఒక్క రోజులో ముప్పాతిక కిలో లావయ్యాను!" అని ఏడుపు ముఖం పెట్టి, పలహారం మానేసింది. పాపం, ఆమె లెక్క తప్పు. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసినదానికి మించి సుమారు 7,700 కాలరీలు తినాలి. ఒక పెద్ద మనిషి మూడు నాలుగు రోజులు తినే తిండి అది. ఒక్క విందులో అంత ఎవరు తినగలరు? పెరిగిన బరువులో చాలా భాగం నీరూ, ఇంకా అరగని తిండీ. మామూలు భోజనానికి వస్తే ఆ ఉప్పును మూత్రపిండాలు రెండు మూడు రోజులలో బయటకు పంపివేస్తాయి. దానితో నీరూ పోతుంది.

దీనికి తలకిందులుగా మరొకటి జరుగుతుంది. అన్నం తగ్గించి, చప్పిడి కూర తిన్నవారు మొదటి వారంలోనే కిలో, రెండు కిలోలు తగ్గామని సంతోషిస్తారు. అందులో ఎక్కువ భాగం నీరే. ఉప్పు తగ్గితే దాని తోడు నీరు పోతుంది. అన్నం తగ్గితే కాలేయంలోనూ కండరాలలోనూ నిలువ ఉన్న గ్లైకోజన్ కరుగుతుంది; ఒక్కొక్క గ్రాము గ్లైకోజన్‌తో సుమారు 3 గ్రాముల నీరు పోతుంది. కొవ్వు కరగడం నిదానమైన పని. పోటీలో బరువు తూస్తారని నీళ్ళు త్రాగడం మానేసే ఆటగాళ్ళున్నారు. మీరు ఎన్నడూ అలా చేయకండి. మలేసియా ఎండలో అది ప్రాణాంతకం కావచ్చు. ఉప్పు బొత్తిగా మానడమూ తగదు. నరాలకూ కండరాలకూ సోడియం కావాలి.

మరి ఎంత తినాలి? పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు, అంటే చెంచాడుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఇంకా తక్కువ చాలు. మలేసియాలో 2017-18లో జరిపిన సర్వేలో పెద్దవారి సగటు 7.9 గ్రాములని తేలింది. ఉప్పు డబ్బాలోనిది మాత్రమే లెక్క కాదు. కిచాప్, బెలచాన్, ఎండుచేపలు, మీ పొట్లంలోని మసాలా, అన్నిటిలోనూ అది దాగి ఉంటుంది. పొట్లం మీద 'గారమ్' అని ఉంటే మలాయ్ భాషలో ఉప్పు అని అర్థం. మన గరం మసాలాకూ దానికీ చుట్టరికం లేదు! సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 1,600 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అది 4 గ్రాముల ఉప్పు.

అక్కగారి ముప్పాతిక కిలో పోతుంది. కాని రక్తపోటు ఉన్న అవ్వకు ఈ విషయం తేలిక కాదు. నిలిచిన నీరు రక్తపు పరిమాణాన్ని పెంచుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. ఆమె పాదం వాచి, బొటనవ్రేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడకపోతే, పచ్చడి మానిపించి ఊరుకోకండి. గుండెకో మూత్రపిండాలకో జబ్బు ఉండవచ్చు. అమ్మానాన్నలకు ఆ రోజే చెప్పి, డాక్టరు వద్దకు తీసుకుపొమ్మనండి.